మాల తీసిన మర్నాడు

తెలుగులో చివర "బోతు" చేరిన మాటలు కొన్ని ఉన్నాయి. తిండిబోతు, తిరుగుబోతు, తాగుబోతు. ఒకసారి ఆ మాట తగిలించామంటే మనిషి అసలు పేరు వెనక్కి పోతుంది. షుగరున్న మనిషి గురించి "ఆయనకి షుగరుందండీ" అంటాం. గుండెకి స్టెంటు వేయించుకున్నాయన గురించి "పాపం, ఎంత కష్టమొచ్చింది" అంటాం. తాగుడు పట్టుకున్న మనిషిని మాత్రం "వాడా, తాగుబోతు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. పెళ్ళిళ్ళలో వాళ్ళింటి వైపు చూసి గుసగుసలు, పిల్లకి సంబంధం వస్తే తండ్రి తాగుడు గురించి ఆరాలు. అంతే తప్ప "ఏ డాక్టరుకి చూపిస్తున్నారు?" అని అడిగేవాళ్ళు ఎంతమంది?

తాగుడికి బానిసైన మనిషిని బాగుచేసుకోవడం ఒక్క భార్య వల్ల అయ్యే పని కాదు, ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదు. ఊరు చెయ్యి వెయ్యాలి. ఇదే ఈరోజు నేను చెప్పాలనుకున్నది. "ఊరా, మన ఊళ్ళోనా, ఎవరికి పట్టింది?" అంటారేమో. ఊరు చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో మనం ఏటా చూస్తూనే ఉన్నాం, కాకపోతే దాన్ని ఆ పేరుతో పిలవడం లేదు.

మా రెడ్డిగూడెం వైపు కార్తీకమాసం వస్తే చూడాలి. సగం వీధి నల్లబట్టల్లో, సగం వీధి ఎర్రబట్టల్లో ఉంటుంది. అయ్యప్ప మాల కొందరు, విజయవాడ దుర్గమ్మ దగ్గర విరమించే భవానీ మాల కొందరు. సంవత్సరమంతా సాయంత్రమయ్యేసరికి కాలు నిలవని మనిషి, మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టడు. తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం, పూజ, పగలు పని, రాత్రి భజన. ఇంట్లో గొడవ లేదు, కూలి డబ్బులు ఇంటికొస్తాయి. ఆ 41 రోజులూ ఆ ఇల్లాలి మొహం వేరేగా ఉంటుంది. ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది మీ వీధిలోనే చూసి ఉంటారు.

ఆ మనిషికి అంత నిగ్రహం ఎక్కడినుంచి వచ్చింది? భక్తి, నిజమే. కానీ భక్తి ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. ఆ రోజుల్లో అతని చుట్టూ ఏం జరుగుతుందో చూడండి. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్ళు "స్వామీ" అని పిలుస్తారు. పొద్దున లేస్తే ఏం చెయ్యాలో, సాయంత్రం ఎక్కడికి వెళ్ళాలో ముందే తెలిసి ఉంటుంది. బ్రాందీ షాపు వైపు నడిచే టైముకి భజన మందిరంలో నలుగురూ ఎదురుచూస్తుంటారు. రాకపోతే "స్వామి ఏరీ?" అని ఇంటికి మనిషిని పంపిస్తారు. పాత స్నేహితులు గ్లాసు చూపించరు, చూపిస్తే ఊరే తిడుతుంది. దారి చూపించడానికి గురుస్వామి ఉంటాడు, ఆయన కూడా ఒకప్పుడు మొదటి మాల వేసుకున్నవాడే. అతని కోసం ఇంట్లో వంట మారుతుంది, మంచం మారుతుంది, మాట తీరు మారుతుంది.

గౌరవం, రోజుకో పద్ధతి, తోడు, తను నడిచే దారిలో ముందు నడిచిన పెద్ద. తాగుడు మానాలనుకునేవాడికి కావలసినవి ఇవే. ఇవన్నీ మనం 41 రోజులపాటు ఇస్తున్నాం. మాల తీసిన మర్నాడు ఒక్కసారిగా లాగేసుకుంటున్నాం. కొండ దిగీ దిగకముందే "ఇంకేంటి, దీక్ష అయిపోయిందిగా" అని సీసా తెచ్చి చేతిలో పెట్టే స్నేహితులున్నారు. మళ్ళీ "ఒరేయ్", మళ్ళీ "తాగుబోతు". చర్చికి వెళ్ళే ఇళ్ళలోనూ ఇంతే. ఉపవాస ప్రార్థనల రోజుల్లో నిలబడ్డ మనిషి ఆ తర్వాత ఒంటరి అవుతాడు. మనిషి బలహీనుడని అనేముందు, అతని చుట్టూ కట్టిన దడి ఎవరు పీకేశారో ఆలోచించాలి కదా.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కరోజులో ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆపిన కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, వాంతులు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజుల తర్వాత కొందరు లేని మనుషులు కనిపిస్తున్నారని, పాములు పాకుతున్నాయని కేకలు పెడతారు, ఎక్కడున్నదీ తెలియకుండా పోతుంది. మన ఊళ్ళల్లో దీన్ని గాలి సోకిందనో, మాల నియమం తప్పాడనో అనుకుని తాయెత్తు కట్టిస్తుంటారు. అది గాలీ కాదు, దేవుడి కోపమూ కాదు. మందుకి అలవాటుపడ్డ మెదడు అది ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేక చేసే గోల. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దీనికి మందులున్నాయి, వైద్యులు దగ్గరుండి ఇస్తే సాధారణంగా వారం పది రోజుల్లో ఆ దశ దాటుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా మాల కోసమనో, ఒట్టు పెట్టుకునో మానేస్తానంటే సంతోషించండి, కానీ ముందు డాక్టరుకి చూపించండి.

ఆడవాళ్ళం మరొకటి మానుకోవాలి. "ఆయనకి తెలియకుండా కాఫీలో కలపండి, వారంలో మానేస్తారు" అంటూ పొడులు, చుక్కలు అమ్ముతుంటారు. బస్టాండు గోడల మీద కూడా ఆ కాగితాలు కనిపిస్తాయి. వాటిలో ఏముందో మనకి తెలియదు. డాక్టర్లు ఇచ్చే మందుల్లో డైసల్ఫిరామ్ అని ఒకటుంది. అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. చెప్పకుండా పెడితే ఏమవుతుంది? తెలియక తాగుతాడు. కష్టంలో ఉన్న ఇల్లాలికి ఎవరైనా ఒక పొట్లం ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ బాగుచేయబోయి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

తాగుడు మీద పోరాటం మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో ఈ తరం అమ్మాయిలకి తెలియకపోవచ్చు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్ళు పాఠంలో సారా గురించి చదివి, మాట్లాడుకుని, ఊరి సారా దుకాణం ముందుకెళ్ళి నిలబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా మారుమోగింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరూరా ఆడవాళ్ళు కదిలారు. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఆ పోరాటం వృథా పోయిందా అంటే పోలేదు. సారా మానితే మిగిలిన డబ్బుని రోజుకి రూపాయి చొప్పున దాచుకోవడం నెల్లూరు ఆడవాళ్ళు మొదలుపెట్టారు, అదే పొదుపులక్ష్మి. ఈరోజు మన ఊళ్ళల్లో డ్వాక్రా సంఘాలు ఇంత గట్టిగా ఉన్నాయంటే దాని వేళ్ళు కొన్ని అక్కడే ఉన్నాయి. అయితే ఆ ఉద్యమం దుకాణం ముందు నిలబడింది, ఇంట్లో చేతులు వణుకుతూ కూర్చున్న మనిషి సంగతి మాత్రం మిగిలిపోయింది. దుకాణం మూస్తే అతను ఏమవుతాడు, ఎవరు చూస్తారు అన్నదానికి అప్పుడు జవాబు లేదు. ఇప్పటికీ మన దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు లేకపోతే ఏమవుతుందో 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో చూశాం. కరోనా వల్ల అక్కడ మద్యం షాపులు మూసేశారు. తాగకుండా ఉండలేనివాళ్ళు శానిటైజరు తాగారు. పదిమందికి పైగా చనిపోయారు. టీవీలో చూసి "ఛీ, ఇదేం బుద్ధి" అన్నవాళ్ళున్నారు. అది బుద్ధి కాదమ్మా, జబ్బు. బడి పక్కన బెల్టుషాపు వద్దని మనం తప్పకుండా గొడవ చెయ్యాల్సిందే, చేస్తూనే ఉండాలి. షాపు మూసినరోజు ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించే ఏర్పాటు కూడా మన దగ్గరుండాలి.

ఎంతమందికి చికిత్స అందుతోందో చూస్తే గుండె తరుక్కుపోతుంది. 2019లో కేంద్రప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా సర్వే చేసిన నివేదిక వచ్చింది. 16 కోట్లమంది తాగుతున్నారని, అందులో 5.7 కోట్లమందికి తాగుడు వల్ల సాయం కావలసిన పరిస్థితి ఉందని తేలింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందట. మిగతా 37 మంది ఎక్కడున్నారు? మన ఇళ్ళల్లో, మన అరుగుల మీద ఉన్నారు. వాళ్ళ వెనక 37 మంది ఆడవాళ్ళు "జ్వరమండీ, ఈరోజు పనికి రాడు" అని అబద్ధం చెబుతూ ఉన్నారు.

"ఇంటిగుట్టు లంకకి చేటు" అని చిన్నప్పటినుంచి మనకి నూరిపోశారు. ఇంట్లో కంచాలు ఎగురుతున్నా తలుపులు వేసుకుంటాం. కానీ తాగుడు గుట్టుగా ఎక్కడుంటుంది? వీధికంతటికీ తెలుసు. తెలిసీ ఎవరూ మాట్లాడరు, మనమూ మాట్లాడం. పరువు కాపాడుకుంటున్నాం అనుకుంటాం గానీ, నిజానికి సాయం వచ్చే దారిని మూసుకుంటున్నాం.

గుట్టు విప్పిన ఒక ఆవిడ గురించి చెప్పాలి. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు. పెద్దింటి కోడలు. మాజీ ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి మనవడు ఆమె భర్త. తాగుడు వల్ల 1979లో చిన్నవయసులోనే పోయాడు. అంతటి కుటుంబంలో ఆ విషయం దాచిపెట్టుకోవడం ఎంత తేలిక! ఆవిడ దాచలేదు. ఆ వైద్యంలో శిక్షణ తీసుకుని 1980లో భర్త పేరుమీద సంస్థ పెట్టి, తాగుడికి బానిసలైనవాళ్ళకీ వాళ్ళ ఇంటివాళ్ళకీ కూడా వైద్యం, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. 1992లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ సంస్థ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది తంజావూరు వైపు మంజక్కుడి అనే పల్లెలో పెట్టిన శిబిరం. తాగేవాళ్ళని మద్రాసుకి రమ్మనకుండా డాక్టర్లు, కౌన్సిలర్లే పల్లెకి వెళ్ళారు. 15 రోజుల శిబిరం. ఊరివాళ్ళు చోటు చూపించారు, సాయం పట్టారు. ఇంటివాళ్ళని కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. అయిపోయాక వదిలెయ్యకుండా తర్వాత కూడా వచ్చి చూసుకున్నారు. పల్లెలో ఇది జరగదనేవాళ్ళకి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకచోట కూర్చుని ఒకరి కష్టం ఒకరు చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే పద్ధతి అమెరికాలో 1935లో మొదలైంది. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. మన దేశంలోనూ ఎన్నో ఊళ్ళల్లో ఇవి జరుగుతాయి. మగవాళ్ళు లోపల మీటింగులో ఉంటే, వాళ్ళని తీసుకొచ్చిన భార్యలు బయట ఎదురుచూస్తూ తమలో తాము మాట్లాడుకునేవారట. మొదలుపెట్టినాయన భార్య లోయిస్ ఆ మాటల్లో ఉన్న బలం గుర్తించారు. 1951లో ఇంటివాళ్ళ కోసమే అల్-అనాన్ అని వేరే ఏర్పడింది. ఆయన తాగుడుకి నువ్వు కారణం కాదు, ఆయన మానినా మానకపోయినా నీకంటూ ఒక బతుకుంది అని ఒకరికొకరు గుర్తుచేసుకోవడమే అక్కడ జరిగేది. "మొగుణ్ణి సరిగ్గా చూసుకుంటే వాడెందుకు తాగుతాడు" అనే అత్తలున్న ఊళ్ళల్లో ఈ మాట ఎవరైనా గట్టిగా చెప్పాలి. "పెళ్ళి చేస్తే వాడే మారతాడు" అని ఇంకొక ఆడపిల్ల మెడకి ఆ జబ్బుని కట్టే పెద్దలకి ఇంకా గట్టిగా చెప్పాలి.

ఇక మన ఊళ్ళో మనం ఏం చెయ్యగలం? నాకు తోచినవి చెబుతాను.

మొదటిది, కూర్చోవడానికి చోటు. దానికి కొత్త కమిటీ అక్కర్లేదు, సంఘం మీటింగులు ఎలాగూ జరుగుతున్నాయి. వాయిదాలు, లెక్కలు అయ్యాక తాగుడు, గంజాయి బాధ ఉన్న ఇళ్ళవాళ్ళు అరగంట ఉండిపోవచ్చు. పుస్తకంలో రాయనక్కర్లేదు. అక్కడ విన్నది గడప దాటకూడదన్న ఒక్క నియమం చాలు. గడప దాటిందంటే మళ్ళీ ఎవరూ నోరు విప్పరు.

రెండోది, ఆసుపత్రికి తోడు. విజయవాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇక్కడినుంచి మైలవరం మీదుగా వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, గేదెకి నీళ్ళు పెట్టేవాళ్ళుండరు, పిల్లలు బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పక్కింటావిడ గేదెని చూస్తే, ఇంకొకావిడ పిల్లలకి అన్నం పెడితే, ఆయన మాట వినే బావగారో మేనమామో కూడా వెళితే ఆ ప్రయాణం జరుగుతుంది. వెళ్ళేముందు ఫోన్లో అడగాలనుకుంటే మత్తు అలవాటు గురించి 14446కి, మనసు బాధల గురించి టెలిమానస్ 14416కి ఉచితంగా చెయ్యవచ్చు.

మూడోది, పనిచోట. మా వైపు మామిడితోటలు ఎక్కువ. కోత రోజుల్లో కాయ కోసి, లారీకెత్తి నున్న మార్కెట్టుకి పంపాక ముఠాకి కూలితోపాటు "మందుకి ఇంత" అని ఇచ్చే అలవాటు ఉంది. పెళ్ళయినా, ఇల్లు స్లాబు పోసినా, ఎన్నికలొచ్చినా ఇదే. ఆ మందు డబ్బులు కూడా కూలిలోనే కలిపి ఇవ్వమని తోట పెట్టుకున్న ఇళ్ళ ఆడవాళ్ళమే చెప్పగలం. మానేసిన మనిషి ఆ గుంపులో ఉన్నప్పుడు అతని ముందు సీసా తీయకపోవడం కనీస మర్యాద.

నాలుగోది, మళ్ళీ తాగితే ఏం చెయ్యాలన్నది. మానినవాళ్ళలో చాలామంది మధ్యలో మళ్ళీ తాగుతారు. "చూశావా, కుక్కతోక వంకర" అనేస్తాం. షుగరు మనిషి పండక్కి నాలుగు అరిసెలు తిని ఆసుపత్రిలో పడితే వైద్యం మానేస్తామా? మళ్ళీ తీసుకెళతాం. ఇదీ అంతే.

పిల్లల గురించి కూడా ఒక మాట. ఇప్పుడు గంజాయి కాలేజీ పిల్లల దాకా వచ్చింది. చెడ్డ పేరు వస్తుందని, పోలీసు కేసవుతుందని తల్లులు నోరు మెదపరు. అలవాటుపడ్డవాడు చికిత్సకి తనంతట తను ముందుకొస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షను, 64ఏ, మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. అమ్మేవాళ్ళ గురించి చెప్పడానికి రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది. అమ్మేవాణ్ణి పట్టించడం వేరు, అలవాటుపడ్డ పిల్లవాణ్ణి కాపాడుకోవడం వేరు. రెండూ కలిపేసి భయపడితే పిల్లవాడు చేజారిపోతాడు.

ఇంతా చదివి "అంటే తాగొచ్చి కొట్టినా జబ్బేలే అని భరించమంటావా?" అని ఎవరైనా అడిగితే, నా జవాబు ముమ్మాటికీ వద్దనే. తాగుడు జబ్బు, కొట్టడం నేరం. జబ్బుకి వైద్యం చేయించాలి, దెబ్బకి అడ్డం పడాలి. 2005లో వచ్చిన గృహహింస చట్టం తాగి కొట్టినవాడికి మినహాయింపు ఇవ్వలేదు. 181కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది, ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే 112. ఆ రాత్రి పిల్లల్ని తీసుకుని బయటికొచ్చిన ఆడమనిషికి తలుపు తీసే ఇల్లు వీధికొకటైనా ఉండాలి. ఊరు చెయ్యి వెయ్యడమంటే ముందు ఆ తలుపు తీయడం. భర్త బాగుపడాలని కోరుకోవడం, అతనికి దూరంగా ఉండాలని నిర్ణయించుకోవడం రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఆ నిర్ణయం ఆమెది, మనం తీర్పులు చెప్పక్కర్లేదు.

తాగే ఆడవాళ్ళూ ఉన్నారు. లెక్కల్లో తక్కువే కనిపిస్తారు, కానీ బయటపడితే మగవాడికి పదింతల నిందలు పడతాయి కాబట్టి ఇంకా లోతుగా దాచుకుంటారు. వాళ్ళకీ ఆ అరగంటలో చోటుండాలి.

ఈ ఏడాది కూడా కార్తీకం వస్తుంది, మాలలు వేసుకుంటారు. మీ వీధిలో మాల వేసుకుంటున్న వాళ్ళలో తాగుడు బాధ ఉన్నవాళ్ళెవరో మీకు తెలుసు. ముందుగానే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారో లేదో వాళ్ళింటావిడని అడగండి. విరమణ అయ్యాక భజన బృందాన్ని వారానికి ఒకసారైనా కూడమనండి, గురుస్వామికి కూడా చెప్పండి, కాదనరు. మాల తీసిన మర్నాడు ఆ మనిషి ఎదురైతే పాత పేరుతో పిలవకండి. "ఏమండీ, బాగున్నారా, సాయంత్రం మా వాళ్ళతో టీకి రండి" అనండి. 42వ రోజు అలా గడిస్తే 43వ రోజు సంగతి మళ్ళీ చూసుకోవచ్చు.